గొంగడి మీద జోరీగలు

బల్మూర్‌కు దగ్గర్ల ఒక పల్లె. జర్మనోనితోని లడాయి నడుస్తున్న కాలం. వానలు వెనకబట్టి, కుంటల పక్కన తుంగ ఏపుగ పెరిగింది. మొగుడు పోయి ఇంకా ఏడాది నిండని జములమ్మ తన వాకిట్ల నిలబడి, పశువుల దవాఖాన కాంపౌండర్ ప్రభుదాసుకు జవాబు చెప్తున్నది. ఆమె జీతగాడు ముసలి మాసయ్య గోడకానుకోని ఉన్నడు.

"ఇయ్య. ఇంకేదన్న అడుగు. గొంగడి మాత్రం ఇయ్య."

"అమ్మా, జర ఇనుండ్రి. నేనేం తీస్కపోను. మీ కల్లంలనే ఉంటది. మీ కండ్ల ముంగటనే."

"ఊర్ల గొంగళ్లు లేవా కాంపౌండరూ? గొర్లు కాసెటోళ్ల ఇండ్లల్ల అడుగు, పో."

"అడిగిన. వాళ్లు మంచుల గొర్ల ఎంబడి పోయెటోళ్లు. కప్పుకునేది నాకిస్తే వాళ్లేం గప్పుకుంటరు? మీ ఇంట్ల దండెం మీద ఒకటి ఖాళీగ ఉన్నదని ఈ పెద్దయ్య జెప్పిండు."

"మాసయ్యా! నువ్వా జెప్పింది?"

"ఉన్నదని జెప్పిన గాని అమ్మా... ఖాళీగ ఉన్నదని నేననలే."

"ఖాళీగ ఉన్నదంట. ఖాళీగ."

"తప్పైందమ్మా. ఊరికి కొత్తోన్ని, ఎవరిదో నాకు తెల్వదు."

"తెల్వకపోతే మాట్లాడొద్దు. అయినా నీకు గొంగడితోని ఏం పని? పశువులకు మందిచ్చెటోనివి. మందియ్యి, పో."

"మందియ్యాలన్నా ముందు రోగం మోసే జోరీగలు యాడున్నయో, ఏ పూట వస్తున్నయో తెల్వాలె గదమ్మా. గీ గానుగ రోగం..."

"దాని పేరు నా వాకిట్ల తియ్యకు."

"తియ్య. సర్రా అంటం మేము. దొరల గుర్రాలు సచ్చినంక గని మా దవాఖాన పెద్ద సాబ్‌కు యాదికి రాలే. ఇప్పుడు హుకుం చేసిండు. జోరీగల్ని మూడు తీర్ల పట్టి చూడాలె. ఒకటి, లాంతరు వెలిగిచ్చి దాని కింద నీళ్ల తాంబాళం పెట్టుడు. ఇంకోటి, కట్టెలకు నల్లబట్ట తొడిగి, గుగ్గిలం ఏసి కాసిన జిగట ఆముదం రాసి ఎండల నిలబెట్టుడు. ఈగ పశువనుకోని వచ్చి అంటుకుంటది. ఏ తీరుల ఎక్కువ పడ్తయో, ఇగ అన్ని ఊర్లల్ల గదే పెడ్తరు."

"మూడన్నవ్. రెండే జెప్పినవ్."

"మూడోది వద్దనే నా పరేషాన్ అమ్మా."

"ఏంది మూడోది?"

"బతికున్న పశువు. గుంజకు గట్టేసి, మీదికెల్లి మచ్చర్‌దాని అసోంటి తెర ఇడుస్తరు. కుట్ట వచ్చిన ఈగలన్ని తెరల చిక్కుతయ్."

"కుట్టకముందా, కుట్టినంకనా?"

"కుట్ట వచ్చినయ్..."

"కుట్టకముందా కాంపౌండరూ, కుట్టినంకనా?"

"కుట్టినంకనే అమ్మా."

"ఎవరి పశువు?"

"ఎవర్నీ అడగలే. అడగబుద్ధి గాలే. అందుకే మీ కాళ్లు వట్టుకునేటట్టు అడుగుతున్న. నల్లబట్ట గెలిచిందనుకో, బతికున్నదాన్ని కట్టేసే పనే ఉండదు. నేనే పోయి సాబ్‌కు జెప్త. బట్ట గెలవాలె. నల్లగుండాలె, మందంగుండాలె, పశువు వాసన పట్టి ఉండాలె. ఆ గొంగడికి..."

"దానికి ఉన్నది పశువు వాసన ఒక్కటే గాదు."

"అమ్మా..."

"మాసయ్యా, దండెం మీదికెల్లి తీస్కరా. మెల్లగ. ఉతకలే నేను దాన్ని. ఆయన ఒంటి మీదికెల్లి తీసినప్పుడు ఎట్లున్నదో అట్లనే ఉన్నది."

"నూనె రాస్తే మరి వాసన..."

"ఏదన్న రాయి. నేను సూడ. మాట మాత్రం మర్వకు. గొంగడి గెలిస్తే పశువును కట్టెయ్యరు."

"మర్వనమ్మా."

కొన్ని దినాలకు, పొద్దెక్కినంక, కల్లంల. ప్రభుదాసు తాంబాళంల నీళ్లు పారబోస్తుంటే మాసయ్య దూరంగ కూసున్నడు.

"లాంతరు ముచ్చట ఇడిసిపెట్టు పెద్దయ్యా. అన్ని రెక్కల పురుగులు, దోమలే. జోరీగ పేరుకన్న లేదు. పొద్దుగూకితే అది ఆకు కింద పండుకుంటది, దీపం కాడికి ఎందుకొస్తది? గాసునూనె దండుగ."

"గాసునూనె దొరక్క మేం చీకట్ల బువ్వ తింటున్నం. నువ్వు పురుగులకు దీపం వెడ్తున్నవ్."

"నవ్వుతవేంది. లాంతరుది సరే. గొంగడి మీద ఎందుకు పడ్తలేవ్? నిన్న పొద్దంత ఎర్రటెండ. కుంట కాడ బర్ల మీద ముసురుకుంటున్నయ్, నా కండ్లార చూసిన. ఈడ చూస్తే ఒకటీ అరా. గుగ్గిలం ఎక్కువైందా?"

"నూనె మంచిగనే ఉంది."

"గాలి మళ్లిందా?"

"గాలి గూడ మంచిగనే ఉంది."

"మరేంది?"

"ఏమో."

"నీకు తెల్సు పెద్దయ్యా."

"నాకేం తెల్సు? నేను దాని దిక్కే సూడ. పక్కకెల్లి పోవాలంటే గట్టు సుట్టు తిరిగి పోత."

"ఎందుకట్ల?"

"ఎందుకంటవేంది? నువ్వే సూడు. నిలువు ఒక కట్టె, అడ్డం ఒక కట్టె, మీద గొంగడి. పైన ముసుగు లెక్క మడిసినవ్. మా ఆసామి రామన్న వానల నిలవడ్డట్టే లేదా? గట్లనే, ఎడమ భుజం జర కిందికి."

"అడ్డం కట్టె వంకరున్నది. గంతే."

"ఊ. కట్టె వంకరున్నది."

"రామన్న ఎట్ల పోయిండు? ఊర్ల ఎవర్నడిగినా మాట మారుస్తరు."

"జెప్పేదేమున్నది. ఎర్రోడు, మైలోడు అని జోడెడ్లు. మైలోనికి జరమొచ్చింది. కండ్లెంబడి నీళ్లు. తగ్గింది, మల్ల వచ్చింది. ఒకనాడు ఇగో, ఈడనే, తిరుగుడు వట్టింది. గానుగకు గట్టినట్టు తిరుగుతుంది. ఎవరూ గట్టలే. ఆసామి పోయి పగ్గం వట్టుకున్నడు. ఇడువు ఆసామీ అన్న. ఇడువలే. 'ఒక్కడే తిరుగుతుండురా మాసా, తోడుంటే నెమ్మదిస్తడు' అన్నడు. దాని ఎంబడి తాను గూడ తిరిగిండు. తుప్పర పడ్తుంది. గొంగడి కప్పుకోని, పసిపోరన్ని నడిపిస్తున్నట్టు, మెల్లగ..."

"తర్వాత?"

"ఎద్దు ఒక్కసారే కూలింది. పగ్గం ఆసామి చేతికి సుట్టుకోని ఉండె, ఎంబడి ఆయన గూడ పడ్డడు. కల్లం గుండుకు తల తాకింది. అంతే."

"ఆమె యాడుండె?"

"సద్ది తెస్తుండె. వచ్చేవరకు ఎద్దు మీద ఈగలు, మనిషి మీద ఈగలు. ఏడ్వలే అయ్యా ఆమె. ఒక్క సుక్క రాలే కంట్ల. కొంగుతోని ఈగలు కొట్టుకుంట కూసుంది. నలుగురొచ్చి లేవట్టినా చెయ్యి ఆగలే. ఇంటి దాక కొంగు ఆడిచ్చుకుంటనే నడ్సింది."

"అయ్యో."

"ఇప్పుడన్న తెల్సిందా నీ గొంగడి మీద ఈగలెందుకు పడ్తలేవో?"

"ఏంది? ఆమెనా?"

"నువ్వు కుంట దిక్కు పోంగనే వస్తది. ఎండల నిలబడ్తది. ఒక్క ఈగను వాలనియ్యదు."

అదే దినం. జములమ్మ గొంగడి పక్కన నిలబడి ఉంటే ప్రభుదాసు ఎనుకనుంచి వచ్చిండు.

"కొంగు దాసుకోకుండ్రి అమ్మా. చూసిన."

"నేనేం దాసుకుంటున్న? నా కల్లం. నేను నిలబడ్డ."

"ఈగల్ని వాలనియ్యాలె అమ్మా."

"ఆయన మీదనా?"

"గొంగడి మీద."

"నీకు గొంగడే. నీకేం తెల్సు."

"మీరు కొట్టిన ఈగ యాడికి పోతది, జెప్పుండ్రి. ఆకలి మీద ఉంటది. ఆ కొట్టంల ఎర్రోడు ఉన్నడు. సీదా గాడికే పోతది. రోగమున్నదాని నెత్తురు మూతికి అంటించుకోని వచ్చి లేనిదాని మీద వాలుతది. మైలోనికి గూడ గట్లనే..."

"ఆగు."

"ఆగిన."

"ఈడ కొడ్తె పోయి ఎర్రోని మీద వాలుతదా?"

"వాలుతది."

"ఆయనుంటే వాలనిస్తుండెనా? నా మీద వాలుండ్రి అంటుండె. ఎడ్లకు గొడుగు వట్టి తాను తడ్సెటోడు."

"మరి గట్లనే అనుకోండ్రమ్మా. వాటిని ఆయన మీదికి గుంజుకుంటున్నడు అనుకోండ్రి."

"అనుకుంట. అనుకోక ఏం జేస్త. నేను లోపలికి పోయి తలుపు వెట్టుకుంట. కండ్లబడ్తె నా చెయ్యి ఊకోదు."

వారం గడిచింది. జములమ్మ గడప ముంగట ప్రభుదాసు.

"అమ్మా, గొంగడి నల్లగున్నదా, ఈగలు నల్లగున్నయా తెలుస్తలేదు! కుండల నింపి పెద్ద సాబ్‌కు చూపెట్టిన. కుర్సీలకెల్లి లేచిండు."

"గెలిచిందా మరి?"

"లాంతరు ఓడింది."

"గొంగడి గెలిచిందా అని అడిగిన."

"గెలిచినట్టే అమ్మా."

"గెలిచినట్టే అంటే ఏంది? మొఖం అటు తిప్పుకుంటవేంది?"

"సాబ్ ఒప్పుకుంటలేడు. బతికున్న పశువు మీద ఎన్ని పడ్తయో చూడకుండ, గొంగడి సాలు అని ఎట్ల జెప్పాలె అంటుండు. దేనితోని పోల్చినవ్ అంటుండు. అదే కల్లంల, అదే ఎండల, పశువును కట్టేసి చూడమంటుండు."

"మాటిస్తివి గద."

"ఇచ్చిన. నా మాటకు ఆడ ఎంత ఇలువో నాకూ ఇప్పుడే తెల్సింది."

"ఊర్ల అడిగినవా?"

"ఎవ్వరిస్తరమ్మా? నన్ను చూస్తనే తలుపులు వేస్తున్నరు. ఇయ్యకపోతే రేపు సర్కార్ మనుషులొచ్చి ఏదో ఒకటి ఇడ్సుకపోతరంట. బాలయ్య బర్రె మీద వాళ్ల కన్ను వడ్డది."

"బాలయ్యదా? మొన్ననే గద ఈనింది. దాని దుడ్డె ఇంకా పొదుగు కిందనే ఉంటది."

"తెల్సమ్మా."

"ఎర్రోనికి ఏమన్న అయితదా?"

"మిమ్ముల అడగడానికి రాలే నేను."

"నేనడుగుతున్న. కాంపౌండరూ, నా మొఖం సూసి జెప్పు. ఏమన్న అయితదా?"

"ఈగలు వాన్ని ఇప్పుడు గూడ కుడ్తనే ఉన్నయ్ గదా. పొద్దున జర్రసేపు, మాపటికి జర్రసేపు. తెర ఇడ్సి, తీసి, ఇప్పేస్త. నేను పక్కకెల్లి కదల."

"అయితదా, కాదా?"

"కాదు."

"ఎవరి మాట ఇది? మీ సాబ్‌దా, నీదా?"

"నాది."

"అయితే తోల్కపో. గొంగడికి జర దగ్గర్ల కట్టెయ్యి. ఒక్కడే ఉంటే బెదురుతడు."

తెల్లారి, కల్లంల. ఎర్రోడు గుంజకు ఉన్నడు. వాని మీద తెర దిగింది.

"మాసయ్య పెద్దయ్యా, ఆ అంచు మీద రాయి పెట్టు. ఈగ బయటికి పోవద్దు."

"పెట్టిన. పాపం, ఎంత నిమ్మలంగ నిలబడ్డడు సూడు. గొంగడి దిక్కే సూస్తుండు."

"సప్పుడు చెయ్యకు. వస్తున్నయ్."

"మూపురం మీద వాలింది. ఇగో, కడుపు కింద ఇంకోటి. నెత్తురు కారుతుంది అయ్యా."

"తెల్సు."

"తోక తోని కొట్టుకునే జాగ గూడ లేదు వానికి."

"తెల్సు పెద్దయ్యా, ఊకో! అమ్మా, అమ్మా! తెర లేపుతరేంది? లోపలికి మీరెందుకు?"

"వాన్ని కుట్టేటివి నన్ను గూడ కుట్టనియ్యి."

"అమ్మా, లెక్క చెడ్తది. బయటికి రాండ్రి."

"వాని లెక్క, నా లెక్క కలిపి రాసుకో. మీ సాబ్‌కు జెప్పు, ఈ ఊర్ల మనిషిని గూడ కట్టేసినమని."

"అమ్మా..."

"నేను వీని మెడ వట్టుకోని నిలబడ్త. నువ్వు నీ పని చేసుకో."

"పెద్దయ్యా, ఇప్పుడెట్ల?"

"నన్నేమడుగుతవ్? తెర దించు. ఆమె రాదు."

ఇంకొన్ని వారాలు పోయినయ్. ఎండ తేట పడ్డది. ప్రభుదాసు అచ్చంపేట నుంచి సీదా జములమ్మ ఇంటికి వచ్చిండు.

"అమ్మా, ఉన్నరా?"

"రా రా కాంపౌండరూ. ఇన్నాళ్లకు యాదికొచ్చినమా? లోపలికి రా."

"గడప ఇవతల ఈడనే నిలబడ్తనమ్మా. మా కులపోడు లోపలికొస్తే నలుగురు నాలుగు మాటలంటరు."

"అననియ్యి. ఒక్క కల్లంల ఒక్క ఈగలు కుట్టినయ్ మనల్ని. నీ నెత్తురు, నా నెత్తురు ఎన్నడో కలిసింది. వచ్చి కూసో. ఇగో, నీళ్లు."

"మంచి కబురు తెచ్చిన. సాబ్ ఒప్పుకున్నడు. పశువు మీద ఎన్ని పడ్డయో, జర తక్కువగ గొంగడి మీద గూడ గన్నే పడ్డయ్. ఇగ అచ్చంపేట దిక్కు, వనపర్తి దిక్కు, యాడన్న నల్లబట్టే. బతికున్నదాన్ని ఎవ్వరూ కట్టెయ్యరు."

"ఆయన గెలిచిండన్నట్టు."

"గెలిచిండమ్మా. గొంగడి నూనె పోయేటట్టు కుంకుడుకాయతోని కడిగి మీకు అప్పజెప్పి పోదామని..."

"వద్దు. ఆడనే ఉండనియ్యి. ఎర్రోనికి కావాలె అది."

"ఎర్రోనికా?"

"జెప్తె నవ్వుతవ్. నువ్వు తెర ఇప్పుకోని పోయినంక గూడ వాడు కల్లంలకే పోతుండు. పలుపు ఇప్పితే సాలు, సీదా గొంగడి కాడికే. దాని సుట్టు నడుస్తడు. మెల్లగ. ఆయన పగ్గం వట్టి నడిపిస్తున్నట్టే, అచ్చం. నేను గట్టు మీద కూసోని సూస్త. పొద్దు ఎట్ల గూకుతదో తెల్వదు. ఇన్నాళ్లకు నా పానం నెమ్మదైంది కాంపౌండరూ. ఆయన యాడికీ పోలే. మనకు కనపడ్తలేడు, ఎర్రోనికి కనపడ్తుండు. అయ్యో, నీళ్లు మీద వోసుకుంటివేంది!"

"ఎప్పటిసంది?"

"ఏంది?"

"తిరుగుడు. ఎప్పటిసంది తిరుగుతుండు?"

"తిరుగుడు అనకు. సుట్టు నడుస్తడు అన్న."

"ఎప్పటిసంది అమ్మా?"

"మొన్నటిసందో, అటు మొన్నటిసందో. ఎందుకు?"

"మ్యాత తింటుండా?"

"జర తక్కువ. ఎండలు గదా."

"కండ్లు?"

"కండ్లకేమైంది. నీళ్లు కారుతున్నయ్. ఆయన్ని సూసి ఏడుస్తుండు, నోరు లేదు గదా. నువ్వెందుకు లేస్తివి? యాడికి ఉరుకుతవ్? కాంపౌండరూ!"

కల్లంల. ఎర్రోడు గొంగడి సుట్టు నడుస్తనే ఉన్నడు. ప్రభుదాసు, మాసయ్య గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నరు.

"రోజూ సూస్తున్నవ్ గద పెద్దయ్యా. నాకెందుకు కబురు పెట్టలే?"

"ఆమె మొఖం సూసినవా? మొన్న నవ్వింది. ఆసామి పోయినంక నేను మల్ల సూడలే ఆ నవ్వు. ఏమని పెట్టాలె కబురు?"

"గొంగడి కోసం తిరుగుతుండొచ్చు. ఆయన వాసన ఉన్నది గద. పశువుకు యాది ఉంటది."

"ఉంటది అయ్యా. ఎందుకుండదు."

"దాని కోసమే అయితే, గొంగడి తీస్తే ఆగుతడు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే మైలోని రోగమే."

"పట్నంల సూది మందు ఉన్నదంటరు గద."

"ఇంతదూరం వచ్చినంక అది పని చెయ్యదు. కాదు అని జెప్పిన పెద్దయ్యా నేను. ఆమె నా మొఖం సూసి అడిగితే, కాదు అని జెప్పిన."

"తియ్యి మరి. తీసి సూడు."

"నాతోని గాదు. నువ్వు తియ్యి."

"నేను దాన్ని ముట్ట... సరే. నేనే తీస్త. ఆమె వస్తుంది."

"మాసయ్యా! ఏం చేస్తుండ్రు మీరిద్దరు? దాని మీద చెయ్యెందుకేసినవ్?"

"ఒక్కసారే అమ్మా. మల్ల పెడ్త."

"వద్దంటి గద. వాడు బెదురుతడు."

"అమ్మా, జర నా పక్కన నిలబడుండ్రి. ఒక్కటి సూడాలె. పెద్దయ్యా, కట్టెలు గూడ పీకెయ్యి."

"పీకిన."

"గొంగడి ఆమె చేతికియ్యి."

"ఇగో అమ్మా."

"మీకు తెల్వదు గని, ఇగ వాడు సీదా నా కాడికే వస్తడు సూడుండ్రి. వాసన నా కాడ ఉన్నది గద. ఎర్రోడా! రా కొడుకా, రా. ఇటు. ఇటు రా. ఇంటలేడేంది? ఎర్రోడా!"

"కూసోండ్రి అమ్మా. జర కూసోండ్రి."

"ఉండు, నన్ను వట్టుకోకు. ఆడ కట్టె లేదు. గొంగడి నా చేతులనే ఉన్నది. కాంపౌండరూ... మరి వాడు ఎవరి సుట్టు తిరుగుతుండు?"